చర్చ: ఫుజిమోరి పెరూను కాపాడాడా, కాజేశాడా?

చదువరి (చర్చ ప్రారంభం):
పెరూ మాజీ అధ్యక్షుడు ఆల్బెర్తో ఫుజిమోరి 2024 సెప్టెంబరు 11న రాజధాని లీమాలో మరణించినప్పుడు అక్కడి ప్రభుత్వం మూడు రోజుల సంతాపం ప్రకటించి, అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. అంతకు పదిహేనేళ్ల ముందు, 2009 ఏప్రిల్ 7న, అదే దేశపు న్యాయస్థానం ఆయనకు హత్యల కేసులో ఇరవై అయిదేళ్ల జైలుశిక్ష వేసింది. ఒకే మనిషి విషయంలో ఒకే దేశం ఈ రెండు పనులూ ఎలా చేయగలిగిందన్నది నా సందేహం.

తెలియనివారి కోసం కొంత చెబుతాను. జపాను నుంచి వలస వచ్చిన దంపతులకు 1938లో పుట్టిన ఫుజిమోరి వ్యవసాయ ఇంజనీరు. గణితం కూడా చదివి, లీమాలోని లా మోలీనా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి రెక్టరుగా పనిచేశాడు. 1990 ఎన్నికల్లో, రాజకీయాల్లో ఎవరికీ తెలియని ఈ ఆచార్యుడు ట్రాక్టరెక్కి ఊళ్లు తిరిగి, ప్రపంచ ప్రసిద్ధుడైన నవలాకారుడు మారియో వార్గాస్ యోసాను రెండో విడతలో చిత్తుగా ఓడించాడు. 1992 ఏప్రిల్ 5న సైన్యాన్ని దింపి పార్లమెంటును మూయించాడు. పదేళ్లు పాలించి, 2000 నవంబరులో జపానులో కూర్చుని రాజీనామాను ఫ్యాక్సులో పంపాడు. పార్లమెంటు ఆ రాజీనామాను తిరస్కరించి, పదవికి నైతికంగా అనర్హుడని తీర్మానించి తొలగించింది. సభ్యుల అభిప్రాయాలు కోరుతున్నాను.

ఓరుగల్లు వాసి:
ఇందులో సందేహానికి తావు లేదు, కాపాడాడు. 1990 జూలైలో ఆయన పదవి చేపట్టేనాటికి ఆ దేశం ఏ స్థితిలో ఉందో ముందు చూడండి. ఆ ఏడాది ధరల పెరుగుదల ఏడు వేల శాతం దాటింది. మరుసటి ఏడాది ఇంటీ అనే పాత నాణేన్ని తీసేసి కొత్త సోల్ తెచ్చినప్పుడు, ఒక్క సోల్‌కు పది లక్షల ఇంటీలు లెక్కగట్టవలసి వచ్చింది. అంతకు మించిన పీడ షైనింగ్ పాత్ అనే మావోయిస్టు పార్టీ. 1980లో అయకూచో కొండల్లో ఆయుధం పట్టిన ఆ పార్టీ, 1983 ఏప్రిల్‌లో లూకానామార్కా ప్రాంతంలో అరవై తొమ్మిది మంది రైతులను, పసిపిల్లలతో సహా, గొడ్డళ్లతోనూ కత్తులతోనూ నరికి చంపింది. కూలివాళ్ల కోసం పోరాడుతున్నామని చెప్పినవాళ్లు చంపింది కూలివాళ్లనే. 1992 జూలై 16న రాజధానిలోని మీరాఫ్లోరెస్ పేటలో, తరాతా వీధిలో కారుబాంబు పేల్చి ఇరవై అయిదు మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత రెండు నెలలు తిరగకముందే, సెప్టెంబరు 12న, ఆ పార్టీ అధినేత అబీమాయెల్ గుస్మాన్ పోలీసుల చేతికి చిక్కాడు. పదేళ్లలో ఇద్దరు అధ్యక్షులు చేయలేని పని ఈయన హయాంలో రెండేళ్లకు జరిగింది. 1995 ఎన్నికల్లో ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి పెరెస్ దె క్వేయార్ అంతటివాడు పోటీకి నిలబడినా, ఫుజిమోరికి అరవై నాలుగు శాతం ఓట్లు పడ్డాయి. అనుభవించిన జనానికి తెలియనిది మనకు తెలుసా?

డాలస్ తెలుగు:
ఓట్లు పడినంత మాత్రాన పాపం కడుక్కుపోతుందంటే మన ఎమ్మెల్యేలందరూ గంగాస్నానం చేసినవాళ్లే.

తుంగభద్ర:
ఓరుగల్లు వాసి గారు గుస్మాన్ అరెస్టును ఫుజిమోరి ఖాతాలో వేశారు. అది చాలామంది చేసేదే, కానీ జరిగింది వేరు. గుస్మాన్‌ను పట్టుకున్నది పోలీసు శాఖలోని ఒక చిన్న గూఢచార బృందం. గెయిన్ అని పిలిచేవారు. అది ఏర్పడింది 1990 మార్చిలో, అంటే అలాన్ గార్సియా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, ఫుజిమోరి ఇంకా ఎన్నిక కాకముందు. దాన్ని నడిపినవాడు బెనెదిక్తో హిమెనెస్ అనే పోలీసు అధికారి. ఆ బృందం కొట్టి నిజం రాబట్టే పద్ధతిని పక్కన పెట్టి, మనుషులను నెలల తరబడి నీడలా వెంబడించింది. సుర్కీయో పేటలో కింద నృత్య పాఠశాల నడుస్తున్న ఒక మేడ మీద వారికి అనుమానం వచ్చింది. ఆ ఇంటి చెత్త తిరగేస్తే, అక్కడ ఉంటున్నవారి అవసరానికి మించిన తిండి వెళుతున్న జాడలు, గుస్మాన్‌కు ఇష్టమైన రకం సిగరెట్ పీకలు, అతనికున్న సోరియాసిస్‌కు వాడే మందుల ఖాళీ గొట్టాలు కనిపించాయి. ప్రాణనష్టం లేకుండా మనిషిని పట్టుకున్నారు. ఆ రాత్రి అధ్యక్షుడు ఎక్కడున్నాడో తెలుసా? అడవి ప్రాంతంలో చేపలు పడుతున్నాడు. తన దేశపు అతి పెద్ద అరెస్టు జరుగుతున్నట్టు అతనికి కబురే లేదు.

ఓరుగల్లు వాసి:
చేపలు పట్టడం నేరమైతే ఆ సంగతి వేరే మాట్లాడుకుందాం. రాష్ట్రంలో పంటలు బాగా పండితే ముఖ్యమంత్రి నాగలి పట్టాడా అని ఎవరూ అడగరు. ఒక బృందం 1990 మార్చిలో ఏర్పడిందనుకున్నా, దాన్ని రద్దు చేయకుండా రెండేళ్లపాటు సాగనిచ్చింది ఎవరి ప్రభుత్వం? ఇంకో సంగతి కూడా మీరు దాటవేశారు. కొండ ఊళ్లలో షైనింగ్ పాత్‌ను ఎదిరించిన రైతు రక్షణ దళాలకు 1991లో చట్టబద్ధత కల్పించి, వారి చేతికి తుపాకులిచ్చింది ఫుజిమోరి. కొండ రైతు చేతికి ఆయుధమిస్తే అది ఎటు తిరుగుతుందోనని అంతకు ముందు ఏలినవాళ్లు భయపడ్డారు. ఆయన ఆ రైతును నమ్మాడు.

తుంగభద్ర:
ఆ దళాలు ఫుజిమోరి పుట్టించినవి కావు. అతనికంటే చాలా ముందే, ఎనభైల్లోనే, కర్రలూ ఈటెలూ పట్టుకుని రైతులు తమంతట తాము కాపలా కాశారు. అతను ఇచ్చిన తుపాకుల వల్ల వారికి బలం వచ్చిందన్నది నిజమే, కాదనను. కానీ చేపల విషయం మీరు తేలిగ్గా కొట్టిపారేస్తున్నారు. 1992 ఏప్రిల్‌లో పార్లమెంటును మూయించినప్పుడు అతను చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది, ఆ సభ ఉండగా ఉగ్రవాదాన్ని అణచడం సాధ్యం కాదని. ఉగ్రవాదాన్ని అణిచిన అరెస్టుకు పార్లమెంటు ఉన్నా లేకున్నా తేడా లేదని, దానికి కావలసింది ఓపిక గల పోలీసులేనని ఆ సెప్టెంబరు రాత్రి తేలిపోయింది. అధ్యక్షుడు చేపలు పడుతున్నాడన్న మాటను నేను పదేపదే ఎత్తడానికి కారణం అది.

ఓరుగల్లు వాసి:
మూడోసారి చేపలు.

లెక్కలపుస్తకం:
అందరూ తుపాకుల చుట్టూ తిరుగుతున్నారు కాబట్టి ధరల సంగతి నేను చెబుతాను. 1990 ఎన్నికల్లో ఆర్థిక వ్యవస్థకు ఒక్కసారిగా కఠిన వైద్యం చేయక తప్పదని వార్గాస్ యోసా దాపరికం లేకుండా చెప్పి ఓడిపోయాడు. ఆ వైద్యం అక్కర్లేదని చెప్పి ఫుజిమోరి గెలిచాడు. ప్రమాణ స్వీకారం జూలై 28న. ఆగస్టు 8 నాటికల్లా ప్రత్యర్థి చెప్పిన మందునే, ఇంకా ఘాటుగా, జనం గొంతులో పోశాడు. ఒక్క రాత్రిలో పెట్రోలు ధర సుమారు ముప్పై రెట్లు పెరిగింది. టీవీలో ఆ ప్రకటన చదివిన ప్రధాని హువాన్ హుర్తాదో మీయెర్, చివర్లో దేవుడు మనకు తోడుగా ఉండుగాక అని లేచిపోయాడు. ధరలు తర్వాత అదుపులోకి వచ్చాయి, ఒప్పుకుంటాను. కానీ ఓటరుకు చెప్పింది ఒకటి, చేసింది మరొకటి. మన దగ్గర 1991లో కూడా ఎన్నికల్లో ఎవరూ చెప్పని విధానాలే వచ్చాయి. ఆ దెబ్బకు మా చిన్న ఇనుప పోతపోసే కార్ఖానా మూతపడింది, పద్నాలుగు మంది కూలీలకు నేనే లెక్క చూసి పంపవలసి వచ్చింది. అందువల్ల సంస్కరణ అన్నమాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది.

డాలస్ తెలుగు:
మీ కార్ఖానాను ఫుజిమోరి మూయించలేదు కదండీ.

మాజీ నర్సు:
ఈ చర్చ చదువుతున్నాను గాని, ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. ఫుజిమోరి 1995లో బీజింగ్‌లో జరిగిన ప్రపంచ మహిళా మహాసభకు వెళ్లి, పేద స్త్రీకి కుటుంబ నియంత్రణ హక్కు ఇస్తానని ప్రసంగించాడు. 1996 నుంచి 2000 దాకా ఆ హక్కు పేరుతో రెండున్నర లక్షలకు పైగా స్త్రీలకు కు.ని. ఆపరేషన్లు చేశారు. వారిలో చాలామంది కొండ ఊళ్ల పేదలు, క్వెచువా మాట్లాడేవాళ్లు. ఎందరికో ఏం చేస్తున్నారో వారి భాషలో చెప్పలేదని, బెదిరించి, తిండి సాయం ఆశ చూపి సంతకం పెట్టించుకున్నారని వేలమంది ఫిర్యాదు చేశారు. కహమార్కా ప్రాంతంలో ఒక రైతు మహిళకు ఆపరేషన్ తర్వాత ఆరోగ్యం చెడితే, భర్త వెళ్లి అడిగినప్పుడల్లా మత్తుమందు ప్రభావం ఇంకా తగ్గలేదని చెప్పి పంపేశారు. ఆమె 1998లో ఇంట్లోనే చనిపోయింది. ఆ కేసులో పెరూ ప్రభుత్వం తర్వాత తన బాధ్యతను ఒప్పుకుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. టార్గెట్ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మార్చి నెల వచ్చిందంటే మా జీతం కాగితం మీద కేసుల సంఖ్య రాసి ఉండేది. క్యాంపు రోజున బడి గదిలో నేలమీద చాపలు పరిచి, ఆపరేషన్ అయినవాళ్లను వరుసగా పడుకోబెట్టేవాళ్లం. తలగడ బదులు వాళ్లు తెచ్చుకున్న చీర మూటలే. మూడు కేసులు తక్కువైతే నేను ఏ ఇంటికి వెళ్లేదాన్నో, వాళ్లతో ఏం చెప్పేదాన్నో ఇక్కడ రాయను. మన దేశం ఆ టార్గెట్ల పద్ధతిని అధికారికంగా ఎత్తేసింది 1996లో. సరిగ్గా అదే ఏడాది ఫుజిమోరి దాన్ని మొదలుపెట్టాడు.

ఓరుగల్లు వాసి:
నర్సమ్మ గారి అనుభవం పట్ల నాకు గౌరవం ఉంది. కానీ విషయం ఉగ్రవాదం, కు.ని. ఆపరేషన్ల సంగతి వేరే చర్చ. ఆ కేసులో ఫుజిమోరికి శిక్ష పడలేదు.

మాజీ నర్సు:
వేరే చర్చ ఎలా అవుతుంది బాబూ? లూకానామార్కా రైతుల గురించి మీరే రాశారు. షైనింగ్ పాత్ చేతిలో చచ్చిందీ ఆ కొండ ఊళ్లవాళ్లే, ఆపరేషన్ బల్ల ఎక్కిందీ ఆ ఊళ్ల ఆడవాళ్లే. మీరు కాపాడాడంటున్నది వాళ్లనే కదా.

తుంగభద్ర:
ఇరవై అయిదేళ్ల శిక్ష ఎందుకు పడిందో ఇంతవరకు ఎవరూ వివరంగా చెప్పలేదు కాబట్టి చెబుతాను. 1991 నవంబరు 3న లీమాలోని బార్రియోస్ ఆల్తోస్ పేటలో ఒక పాత ఇంట్లో ఇరుగుపొరుగువాళ్లు చందాల కోసం కోడికూర విందు పెట్టుకున్నారు. ముసుగులు వేసుకున్న సైనికులు లోపలికి దూరి, అందరినీ నేలమీద పడుకోబెట్టి కాల్చారు. పదిహేను మంది చనిపోయారు. అందులో ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒకడు. వాళ్లు ఉగ్రవాదులు కారు. తరాతా వీధిలో బాంబు పేలిన రెండో రోజునే, 1992 జూలై 18 తెల్లవారుజామున, లా కాంతూతా విశ్వవిద్యాలయం హాస్టళ్ల నుంచి తొమ్మిది మంది విద్యార్థులనూ ఒక అధ్యాపకుడినీ ఎత్తుకెళ్లి చంపి పూడ్చిపెట్టారు. మరుసటి ఏడాది విలేకరులకు ఆ గోతుల జాడ తెలిసింది. కాలిన ఎముకలతోపాటు అక్కడ తాళంచెవుల గుత్తి దొరికింది. ప్రాసిక్యూటర్లు ఆ తాళంచెవులు తీసుకువెళ్లి విద్యార్థుల తాళాల్లో పెట్టి తిప్పితే తాళాలు తెరుచుకున్నాయి. ఆ చావులు కట్టుకథలని అంతవరకు బుకాయించిన ప్రభుత్వం, 1995లో హంతకులందరికీ క్షమాభిక్ష చట్టం చేసింది. ఇదండీ మీ రక్షకుడి చరిత్ర.

ఓరుగల్లు వాసి:
పెరూ సత్య విచారణ సంఘం 2003లో ఇచ్చిన నివేదిక మీరూ చదివే ఉంటారు. అరవై తొమ్మిది వేలకు పైగా మరణాలని అది అంచనా వేసింది. నమోదైన మరణాల్లో సగానికి పైగా, యాభై నాలుగు శాతం, షైనింగ్ పాత్ పనే అని చెప్పింది. ఇంకో సంగతి కూడా అదే నివేదికలో ఉంది. సైన్యం చేతిలో జనం ఎక్కువగా చచ్చింది 1983, 1984ల్లో, అంటే మీకు ముచ్చటైన పార్లమెంటు నిక్షేపంగా నడుస్తున్నప్పుడు, బెలాఉందే అనే ప్రజాస్వామ్య అధ్యక్షుడి కాలంలో. ఆయనను ఎవరూ బోనెక్కించలేదు. జపాను ముఖం ఉన్నవాడు, పాత కుటుంబాలకు చెందనివాడు కాబట్టి ఫుజిమోరి ఒక్కడే దొరికాడు.

తుంగభద్ర:
బెలాఉందేను బోనెక్కించకపోవడం అన్యాయమే, నాకు అభ్యంతరం లేదు. కానీ తేడా ఉంది. ఎనభైల్లో సైన్యాన్ని కొండల మీదికి వదిలేసి పాలకులు కళ్లు మూసుకున్నారు. ఫుజిమోరి కాలంలో చంపినది కోలీనా అనే ప్రత్యేక దళం. అది సైనిక గూఢచార విభాగంలో భాగం, దాని వెనుక ఉన్నది అధ్యక్షుడికి కుడిభుజమైన వ్లాదిమిరో మోంతెసినోస్. అధ్యక్షుడు తన చేత్తో కాల్చకపోయినా, తన గుప్పిట్లో ఉన్న యంత్రాంగం చేత చేయించాడు కాబట్టి ఆ హత్యలకు కర్త అతనేనని న్యాయస్థానం తేల్చింది. జపాను ముఖం మాట ఎత్తడం మీకు తగదు. ఆ ముఖంతోనే అతను నోబెల్ స్థాయి రచయితను ఓడించాడు. పారిపోయినప్పుడు తలదాచుకున్నదీ, 2007లో జైలు తప్పించుకోవడానికి పార్లమెంటుకు పోటీచేసి ఓడినదీ జపానులోనే. మీవంటివారు నాలుగు గోడల మధ్య సుఖంగా కూర్చుని, చచ్చిన పిల్లవాడి పక్కన శాతాలు పేరుస్తారు.

ఓరుగల్లు వాసి:
నాలుగు గోడల మధ్య సుఖంగానా? వినండి. మా నాన్న అప్పటి వరంగల్ జిల్లాలో ఒక చిన్న ఊరికి సర్పంచు. 1990కి కొంచెం ముందు ఒక రాత్రి దళం వచ్చి పేరు పెట్టి పిలిచింది. అమ్మ చేతిలో కంచం ఉంది, నాన్న చెయ్యి కడుక్కుని వస్తానన్నాడు, కడుక్కోనివ్వలేదు. తెల్లవారి ఊరి చివర దొరికాడు. పక్కన ఒక కాగితం పెట్టి, ఆయన చేయని నేరాలు రాశారు. దినకర్మకు ఊళ్లోవాళ్లు రావడానికి భయపడితే, హైదరాబాదు వెళ్లి అక్కడ కానిచ్చాం. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు, ఎన్ని శాసనసభలు, ఎన్ని చర్చలు! ఒక్కడు పట్టుబడలేదు, ఒక్కడికి శిక్ష పడలేదు. హక్కుల సంఘాలవాళ్లు ఊరికి వచ్చారు గాని, అంతకు ముందు జరిగిన ఎన్‌కౌంటర్ గురించి అడగడానికి వచ్చారు. మా గుమ్మం తొక్కలేదు. తుంగభద్ర గారు పుస్తకాలు చదివి మాట్లాడుతున్నారు. నేను పుస్తకాల నుంచి మాట్లాడటం లేదు.

నిర్వాహకులు:
సభ్యులు పరస్పరం వ్యక్తిగత నిందలు మానవలసిందిగా కోరుతున్నాం. చర్చను మూసివేయడం లేదు.

తుంగభద్ర:
మీ నాన్నగారి విషయంలో జరిగింది ఘోరం, దాన్ని సమర్థించే మాట ఒక్కటి కూడా నా నోట రాదు. నాలుగు గోడల మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకు అటువంటి కథ లేదు. నేను పుస్తకాలే చదివాను. అయినా ఒకటి సూటిగా అడుగుతాను, కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పండి. అప్పట్లో మీ జిల్లాలో ఒక ఫుజిమోరి పోటీకి నిలబడి, దళాలను రెండేళ్లలో లేకుండా చేస్తాననీ, అందుకోసం ఏదో ఒక పేటలో విందు చేసుకుంటున్న పదిహేను మంది అమాయకులు కూడా చావవచ్చనీ ముందే చెప్పి ఉంటే, మీరు ఓటు వేసేవారా?

ఓరుగల్లు వాసి:
వేసేవాడిని.

ఒక రోజు ఆలోచించి ఈ మాట రాస్తున్నాను, ఆవేశంలో కాదు. తెలిసే వేసేవాడిని. పెరూలో 1992 ఏప్రిల్‌లో పార్లమెంటును మూసినప్పుడు దాదాపు ఎనభై శాతం జనం ఆమోదించినట్టు సర్వేలు చెప్పాయి. వాళ్లకు ఏమీ తెలియకనా? బార్రియోస్ ఆల్తోస్ జరిగింది అంతకు అయిదు నెలల ముందే, పత్రికల్లో వచ్చింది. వాళ్లు లెక్క చూసుకున్నారు. రాత్రిపూట తలుపు తడితే ఎవరన్న భయం పోవడానికి ఎంత ఇస్తావని అడిగితే, ఎప్పుడూ ఆ భయం ఎరగనివాడు తక్కువ చెబుతాడు.

మాజీ నర్సు:
బార్రియోస్ ఆల్తోస్‌లో ఆ రాత్రి తలుపు తట్టింది కూడా ఎవరో ఒకరే బాబూ.

చదువరి:
నేను అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు కొంత అర్థమవుతోంది. గుస్మాన్‌ను ఎవరు పట్టుకున్నారన్నదాని మీద ఇద్దరికీ పెద్దగా తేడా లేదనీ, తెలిసి తెలిసి పక్కవాడి ప్రాణం ఖరీదుగా కట్టవచ్చా అన్నదే అసలు తగువనీ నాకు తోస్తోంది. ఆయన కుమార్తె కేకో 2011, 2016, 2021 ఎన్నికల్లో మూడుసార్లూ రెండో విడతదాకా వచ్చి కొద్ది తేడాతో ఓడిపోయింది. అంటే ఆ దేశంలోనూ ఈ తగువు సుమారు సగానికి సగంగానే ఉన్నట్టుంది.

తుంగభద్ర:
చదువరి గారు సరిగ్గా పట్టుకున్నారు. ఓరుగల్లు వాసి గారు నిజాయితీగా జవాబిచ్చారు, నేనూ ఇస్తాను. నేను ఓటు వేసేవాణ్ణి కాను. భయం ఎరగనివాణ్ణి కాబట్టి అలా అంటున్నానంటే, కావచ్చు. కానీ ఖరీదు చెల్లించింది ఓటు వేసినవాళ్లు కారు. అయకూచోలో ఓటు వేసిన రైతు తన ప్రాణాన్ని పందెం కాస్తే అది అతని హక్కు. కోడికూర విందుకు వచ్చిన పిల్లవాడి ప్రాణాన్ని కాచే హక్కు ఆ ఎనభై శాతానికి ఎవరిచ్చారు?

లెక్కలపుస్తకం:
ఓటు వేసినవాళ్లకు ఆ షాక్ వైద్యం గురించి కూడా ఎవరూ ముందు చెప్పలేదని మరోసారి గుర్తుచేస్తున్నాను.

ఓరుగల్లు వాసి:
మా నాన్న ప్రాణాన్ని పందెం కాచే హక్కు దళానికి ఎవరిచ్చారో మీరు చెప్పలేదు, చెప్పరు కూడా. ఆ మాట సరే. గెయిన్ విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను. 1990 జూలై నుంచి 1992 సెప్టెంబరు దాకా ఆ పోలీసులకు జీతాలిచ్చింది ఎవరండీ?

తుంగభద్ర:
పెరూ ఖజానా. అదే ఖజానా నుంచి ఫుజిమోరి 2000 సెప్టెంబరులో, మోంతెసినోస్ ఒక పార్లమెంటు సభ్యుడికి పదిహేను వేల డాలర్ల నోట్లు లెక్కపెట్టి ఇస్తున్న వీడియో టీవీలో వచ్చిన తర్వాత, ఆ మోంతెసినోస్‌కే కోటిన్నర డాలర్లు ఇచ్చి సాగనంపాడు. ఆ కేసులో 2009 జూలైలో మరో ఏడున్నరేళ్ల శిక్ష పడింది. జీతాల లెక్కలే తీయాలనుకుంటే రేపు అక్కడి నుంచి మొదలుపెడదాం.